ఎద్దుమూపురం మీద నల్లపొగ

నల్లపొగ అంటే చేతకాని పొగ. ఈ మాట మా బొగ్గుగని గేటు దగ్గరా, డైరెక్టర్ గది ముందూ, ఫొటోలకని వచ్చేవాళ్ళ మొహాల మీదా ఎన్నిసార్లు అరిచానో నాకే తెలియదు. పొయ్యిలో నిప్పు సరిగ్గా మండితే ఇంజన్ గొట్టంలోంచి వచ్చేది తెల్లటి ఆవిరి. కారునలుపు పొగ వచ్చిందంటే లోపల నిప్పుకి ఊపిరాడడం లేదని అర్థం. కానీ కెమెరా మెడలో వేసుకున్నవాడికి ఆ నలుపే కావాలి. వాడి కోసం ఆ నలుపు పుట్టించే వెర్రివాళ్ళు మా షెడ్డులోనే ఉన్నారు.

నా పేరు లువాన్ గుయ్‌జెన్. మా హెయ్‌లింగ్ గని యార్డులో వ్యాగన్లు తగిలించడం, విడదీయడం నా పని. చదువు ఐదో తరగతి. అరవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఊళ్ళో నిప్పున్న ఆవిరి ఇంజన్ ఒక్కటే మిగిలింది. నంబరు పదిహేడు. మిగతావన్నీ డీజిల్‌వే. మూడేళ్ళ కిందట వచ్చిన సుయ్ డైరెక్టర్‌కి పదిహేడుని షాపింగ్ మాల్ ముందు దిమ్మె మీద నిలబెట్టాలని కోరిక. రంగు వేయిస్తాడట, చుట్టూ దీపాలు పెట్టిస్తాడట, తలుపులకి వెల్డింగ్ చేయిస్తాడట. "శవానికి పౌడరు రాస్తారా?" అని మీటింగులోనే అడిగాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మంచివాడే, పిరికివాడు. జనం మధ్యలో పాత బాయిలర్ పేలుతుందేమోనని ఆయనకి నిద్ర పట్టదు.

మూడేళ్ళు పోట్లాడితే చివరికి ఒక మాట ఇచ్చాడు. జనవరిలో ఫొటోల పండగ రోజున, బొగ్గు నింపిన పదకొండు వ్యాగన్లని పదిహేడు ఒక్కతే లాగాలి. డీజిల్ సాయం లేకుండా ఎద్దుమూపురం దాటించాలి. దాటిస్తే బాయిలర్ పరీక్ష చేయిస్తాడు, నిప్పు ఉంటుంది. దాటించలేకపోతే ఆ సాయంత్రమే నిప్పు దింపేస్తారు, మళ్ళీ ఎప్పటికీ వెలిగించరు.

ఎద్దుమూపురం అంటే మా యార్డు దాటగానే మొదలయ్యే ఎక్కుడు. సగందాకా తిన్నగా వెళ్ళి అక్కడ వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గరే ఫొటోలవాళ్ళ తాడు కడతారు.

ఆ తాడు గురించి చెప్పాలి. తాడు వెనక ఎవడు ఎక్కడైనా నిలబడొచ్చు, నిచ్చెన వేసుకోవచ్చు, చెట్టెక్కొచ్చు. తాడు ముందుకి మాత్రం ఒక్క కాలు కూడా పెట్టకూడదు. పెట్టాడా, అందరి ఫొటోలోనూ వాడి వీపే. అప్పుడిక వాడి తల్లినీ తండ్రినీ తాతనీ తిట్లలోకి లాగుతారు. ఆ తాడుకి దేవుడు నుకాగా తాత. జపాన్ నుంచి ప్రతి చలికాలం వస్తాడు. తెల్లవారకముందే మడత నిచ్చెన వేసుకుని, బొడ్లో వేడి సంచి దోపుకుని కూర్చుంటాడు. మా భాష ముక్కలు ముక్కలుగా వచ్చు కానీ తాడు దాటినవాణ్ణి తిట్టడానికి ఆ ముక్కలు చాలు.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికే తాడు వెనక రెండొందల మంది ఉన్నారు. కనుబొమల మీద మంచు పేరుకుని అందరూ ముసలాళ్ళలా ఉన్నారు. ఒకడు పులిసిన క్యాబేజీ కుడుములు కెమెరా సంచిలోంచి తీసి తింటున్నాడు. ఆకాశం గాజులా ఉంది. ఆ చలికి ఆవిరి కొండంత లేస్తుందని నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"లువాన్ అక్కా!" అని కేకేశాడు లియావ్ డాక్టరు. దక్షిణాన గ్వాంగ్‌జౌ నగరంలో పళ్ళు పీకే డాక్టరు. మెడలో మూడు కెమెరాలు, చేతిలో మైకు. "ఫైర్‌మన్‌కి చెప్పారా? ఇవాళ పొగ తారులా ఉండాలి!"

"ఇవాళ పొగ ఉండదు. ఇవాళ ఎక్కడం ఉంటుంది. తెల్లావిరి తీసుకో."

"తెల్లావిరి మా ఇంట్లో అన్నం కుక్కర్ కూడా వదుల్తుందక్కా!"

"అయితే ఇంటికెళ్ళి దాని ముందు తాడు కట్టుకో."

నిచ్చెన మీంచి నుకాగా తాత వేలెత్తాడు. "తెల్లది చలిలోనే వస్తుంది. నల్లది ఎండాకాలం కూడా వస్తుంది. డాక్టరు ఎండాకాలం రా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. లియావ్ మైకు నోటికి పెట్టుకుని, "తాతగారికి పళ్ళు లేవు, అందుకే మెత్తటి పొగ కావాలి!" అన్నాడు. తాత కట్టుడు పళ్ళు చూపించి నవ్వాడు.

కిందికి యార్డుకి దిగాను. పదిహేడు బుసలు కొడుతూ నిలబడి ఉంది. దాన్ని నడిపే బింగ్ మేస్త్రీ చమురు డబ్బా పట్టుకుని చక్రాల మధ్య దూరి ఉన్నాడు. ఈ ఇంజన్ ఆయన చేతిలోనే ముసలిదైంది. పైన, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ తియెలిన్, పార మీద కోడిగుడ్లు వేయించుకుంటున్నాడు. తియెలిన్ చేతిలో పార ఉంటే చూడాలి, బొగ్గు దోసెపిండిలా పరుచుకుంటుంది. కానీ వాడికి చప్పట్ల పిచ్చి. మంచి నల్లపొగ ఇచ్చిన ఫైర్‌మన్‌కి ఫొటోలవాళ్ళు సిగరెట్ పెట్టెలు విసరడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వాడి చొక్కా జేబులు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి.

"తియెలిన్, ఇటు చూడు. ఇవాళ ఎవడు అరిచినా నల్లపొగ వద్దు. పలచటి నిప్పు. అర్థమైందా?"

"అక్కా, నువ్వు నాకు పార పట్టడం నేర్పుతున్నావా?"

"వాడికి నేర్పింది నేను," అన్నాడు కిందనుంచి బింగ్ మేస్త్రీ. "చెవులు మాత్రం వాళ్ళమ్మ ఇచ్చింది. అవి పనిచేయవు."

నేను వెనక్కి నడిచి ఆఖరి వ్యాగన్ ఎక్కాను. దానికి చేతిబ్రేకు చక్రం ఉంటుంది. ఎక్కుడులో ఒక మనిషి దాని దగ్గర ఉండి తీరాలి. మనిషిని నేనే. కూత వేశారు. వ్యాగన్ల కొక్కేలు ఒక్కొక్కటే బిగుసుకుని, నా కింద చక్రాలు కదిలాయి.

అబ్బ, ఆ చప్పుడు! మొదట ఒక్కో దమ్ము విడివిడిగా, తర్వాత గబగబా, కొండ మొత్తం దరువు వేస్తున్నట్టు. తెల్లావిరి మబ్బులా లేచి, ఎండ తగిలి, వెండిలా అయి, నా మీదుగా వెనక్కి పోతోంది. నేను బ్రేకు చక్రం పట్టుకుని ఒక్కదాన్నే అరుస్తున్నాను. "లాగవే! లాగవే ముసలీ!"

వంపు దగ్గరికి వస్తుండగా మైకు వినబడింది. "నల్లగా! నల్లగా! తియెలిన్ అన్నా, నల్లగా!" తర్వాత రెండొందల గొంతులు. "నల్లగా! నల్లగా!"

వద్దురా అనుకున్నాను. అనుకుంటుండగానే మబ్బు మొదట్లో మురికి పడింది. బూడిదరంగైంది. తర్వాత తారు డబ్బా బోర్లించినట్టు కారునలుపు. తాడు వెనక పండగ! చప్పట్లు, కెమెరాల టకటకలు, "అదీ! అదీ!" అని కేకలు. నాకు ఒళ్ళు మండిపోయింది. పార మీద పార, పార మీద పార, పచ్చి బొగ్గు కుమ్ముతున్నాడు వెధవ!

దమ్ములు మందగించాయి. ఒక్కో దమ్ముకీ మధ్య ఖాళీ పెరిగింది. ఉన్నట్టుండి చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరిగాయి, డడడడడ అని. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ విసురుకి ఉన్న కాస్త నిప్పూ గొట్టంలోంచి ఎగిరిపోయింది. నేను బ్రేకు చక్రం బలంకొద్దీ తిప్పి బిగించాను. బండి ఆగిపోయింది. సరిగ్గా తాడు ముందు. నల్లపొగ నిటారుగా లేచి, చక్కగా, సోకుగా నిలబడి ఉంది. రెండొందల కెమెరాలు కిందికి దిగాయి.

పట్టాల పక్కన మంచులో పరిగెత్తాను. ఇంజన్ మెట్లెక్కేసరికి బింగ్ మేస్త్రీ ప్రెజర్ గేజీ వైపే చూస్తున్నాడు. ముల్లు సగం కిందికి పడిపోయింది. తియెలిన్ పార పట్టుకుని మూల నిలబడ్డాడు. మొహం మసి, మసి కింద తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎన్ని పెట్టెలొచ్చాయిరా?" అన్నాను.

"అక్కా..."

"ఎన్ని సిగరెట్ పెట్టెలకి దీన్ని చంపావని అడుగుతున్నా!"

"ఆడపిల్లవి, గొంతు చించుకోకు, వాడి మీద తర్వాత పడు," అన్నాడు మేస్త్రీ నాతో. "నేను ఎందుకు ఊరుకున్నాను? పక్కనే ఉండి చూస్తూ కూర్చున్నా. నాకూ ఆ చప్పట్లు బాగున్నాయి, అదీ సంగతి."

"ఆడపిల్ల అరిస్తే కొండలు కదుల్తాయి, నువ్వు పొయ్యి కదిలించు ముందు," అన్నాను.

గట్టు మీంచి సుయ్ డైరెక్టర్ జారుకుంటూ దిగాడు. మంచి ఉన్ని కోటు, మంచి బూట్లు, చేతిలో ఫోను. "కింద యార్డుకి చెప్పేశాను. డీజిల్ వస్తోంది, వెనకనుంచి తోస్తుంది. దిగండి అందరూ, బాయిలర్‌కి దూరంగా ఉండండి."

"మేం ఇంకా ఎక్కలేదు," అన్నాను.

"అదే కదా నేను చెప్తున్నది. ఎక్కలేదు."

"ఆగకుండా ఎక్కాలని అన్నారా మీరు? డీజిల్ సాయం లేకుండా అన్నారు. గని మొత్తం వింది. సాయం ఇంకా రాలేదు. అయితే మేం ఇంకా ఓడలేదు."

ఆయన నన్ను చూశాడు. పైన తాడు వెనక రెండొందల మొహాలని చూశాడు. మాట తప్పే మనిషి కాదు, అదే ఆయన బలహీనత. "సరే. డీజిల్ వచ్చి ఆఖరి వ్యాగన్‌కి తగిలేదాకా మీ ఇష్టం. తగిలిందంటే అయిపోయింది. తర్వాత అరవకూడదు."

"తర్వాత సంగతి తర్వాత!"

తియెలిన్ అప్పటికే పని మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. పొడుగాటి ఊచ తీసుకుని పొయ్యిలో కలియబెట్టాడు, గడ్డకట్టిన బొగ్గు పగలగొట్టాడు, బూడిద కిందికి రాల్చాడు. గొట్టం అడుగున ఆవిరి వదిలి గాలి లాగించాడు. లోపల ఎరుపు కనిపించింది. ఎరుపు నారింజ అయింది. ఇప్పుడు పారలో గుప్పెడు గుప్పెడు బొగ్గు, ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, తల్లి అన్నం తినిపించినట్టు. పొగ సన్నబడింది. ముల్లు వణికి, పైకి కదిలింది.

"ఆవిరి వస్తుంది," అన్నాడు మేస్త్రీ. "కానీ పట్టు రాదు. పట్టాల మీద మంచు పేరుకుంది. చక్రాల ముందు ఇసుక రాల్చే గొట్టం చూశా, గడ్డకట్టి రాయి అయిపోయింది. ఆవిరి మీట లాగితే మళ్ళీ చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, అంతే."

నేను కిందికి చూశాను. ఇంజన్ కడుపు కింద ఇప్పుడే రాల్చిన బూడిద, వేడిగా, గరగరగా, పొగలు కక్కుతూ కుప్పగా ఉంది.

తాడు వైపు తిరిగాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు. "ఏయ్! ఫొటోలోళ్ళూ! దీన్ని ఆపింది మీరే. నల్లగా నల్లగా అని అరిచింది మీరే. వచ్చి ఈ బూడిద పట్టాల మీద చల్లండి! పై దాకా! చల్లకపోతే రేపట్నుంచి షాపింగ్ మాల్ ముందు ఐస్‌క్రీం తింటూ దీని ఫొటో తీసుకోండి!"

ఎవడూ కదల్లేదు. తాడు! రెండొందల మంది తాడుని చూస్తున్నారు. వెనకనుంచి ఎవడో, "ముందుకెళ్తే ఫ్రేములో పడతాం కదా," అని గొణిగాడు కూడా! నాకు రాయి తీసి కొట్టాలనిపించింది.

అప్పుడు నుకాగా తాత నిచ్చెన దిగాడు. తాడు దగ్గరికి వచ్చాడు. తాడు మీద చెయ్యి వేసి, దాన్ని మోకాళ్ళ దాకా నొక్కి, ఒక కాలు దాటించాడు. రెండో కాలు దాటించాడు. తలమీది బొచ్చు టోపీ తీసి, బూడిద నింపుకుని, పట్టా వెంట చల్లుకుంటూ పోయాడు.

గోడ కూలినట్టు అందరూ పడ్డారు! టోపీలు, చేతి తొడుగులు, కుడుముల డబ్బా, ఏది దొరికితే అది. లియావ్ డాక్టరు తన సంచిలో ఉన్న కెమెరా అద్దాలన్నీ మంచులో కుమ్మరించి, సంచి నిండా బూడిద ఎత్తాడు. సంచి అడుగు కాలి పొగ వస్తోంది.

"కాలుతోందయ్యా డాక్టరూ!"

"కాలనీ! ముందుకి జరగండి! వంపు దగ్గర ఎడమ పట్టా ఖాళీగా ఉంది, అక్కడ చల్లండి! నిచ్చెన పట్టుకురండి, దాని మీద మోయొచ్చు!"

పొగ కోసం అరిచిన నోటితోనే ఇప్పుడు అందర్నీ అదిలిస్తున్నాడు. నేను ఆగి చూడలేదు. బింగ్ మేస్త్రీతో ఒకే మాట అనుకున్నాం: ముందు బండిని ఒక మూర వెనక్కి నెట్టి కొక్కేలు వదులు చేస్తాడు. అప్పుడు ముందుకి లాగితే పదకొండు వ్యాగన్లూ ఒక్కసారిగా బరువు పడవు, ఒక్కొక్కటే కదుల్తాయి. వెనక్కి నెట్టేటప్పుడు బండి జారిపోకుండా ఆఖరి బ్రేకు నేను బిగించి పట్టాలి. కదలిక నా దగ్గరికి వచ్చే క్షణానికి వదిలేయాలి. ముందు వదిలితే బండి మొత్తం కిందికి జారుతుంది. ఆలస్యంగా వదిలితే కొక్కెం తెగుతుంది.

వెనక్కి పరిగెత్తాను. ఆఖరి వ్యాగన్ పక్కన సుయ్ డైరెక్టర్ నిలబడి కిందికి చూస్తున్నాడు, డీజిల్ కోసం. డీజిల్ హారన్ వినబడింది. చెట్ల సందులోంచి దాని నీలం ముక్కు కనిపించింది.

"వచ్చేసింది, లువాన్," అన్నాడు. గొంతులో సంతోషం లేదు, దిగులూ లేదు.

"రానీండి. మీరు పక్కకి జరగండి."

వ్యాగన్ ఎక్కి చక్రం పట్టుకున్నాను. వంపు మీద నాకు ఇంజన్ కనిపిస్తోంది. గొట్టంలోంచి మరక లేని తెలుపు. పట్టాల వెంట పై దాకా నల్లటి రెండు గీతలు, ఆ గీతల పక్కన మసి కొట్టుకుపోయిన మనుషులు.

రెండు పొట్టి కూతలు. వెనక్కి! వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వచ్చి నా వ్యాగన్‌ని తన్నాయి. బ్రేకు కీచుమంది. నా భుజాలు ఊడిపోతాయనుకున్నాను. పట్టుకున్నాను. నిలిచింది.

డీజిల్ చెట్లు దాటేసింది.

ఒక పొడుగాటి కూత.

ధమ్! మొదటి దమ్ము కొండకి తగిలి తిరిగొచ్చింది. తర్వాత కొక్కేల చప్పుడు మొదలైంది. ఖణ్. ముందెక్కడో. ఖణ్. ఇంకొంచెం దగ్గర. ఖణ్, ఖణ్. చక్రాలు ఒక్కసారి కర్రుమన్నాయి, బూడిద నలిగింది, పట్టు దొరికింది, జారలేదు! ఖణ్. ఖణ్. నా వైపే నడిచి వస్తోంది. చూడక్కర్లేదు, యార్డులో పని చేసినదానికి చెవులు చాలు. ఖణ్. పక్క వ్యాగన్! నేను చక్రం వదిలేశాను. అది నా చేతుల్లో గిర్రున తిరిగి అరచేయి చీరేసింది. ఖణ్! నా కాళ్ళ కింద వ్యాగన్ ఎగిరి ముందుకి దూకింది.

"కదిలింది!" ఆ అరుపు నాది కాదు. కింద సుయ్ డైరెక్టర్ అరిచాడు. మంచి బూట్లతో మంచులో బండి పక్కన పరిగెడుతున్నాడు, చిన్నపిల్లాడిలా, ఎందుకు పరిగెడుతున్నాడో ఆయనకే తెలియదు. "కదిలింది లువాన్! కదిలింది!"

"నాకు తెలీదా! దూరం జరగండి, కాళ్ళు పోతాయి!"

జరగలేదు. మెట్టు కమ్మీ పట్టుకుని గెంతాడు. ఒక కాలు దొరికింది, రెండోది గాల్లో. కోటు మెడ దొరకబుచ్చుకుని బస్తాలా పైకి లాగాను. గుండీలు రెండు తెగి మంచులో పడ్డాయి. వెనక డీజిల్ ఒక నిచ్చెన దూరంలో ఉంది. అది రెండు నిచ్చెనల దూరమైంది. డీజిల్ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, వేగం తగ్గించి, హారన్ మీద హారన్ కొట్టాడు, పెళ్ళి బ్యాండులా.

వంపు తిరిగాం. పక్కన నిలబడ్డ జనం పళ్ళు తప్ప అంతా నలుపే. కొందరికి ఫోన్లు గుర్తొచ్చాయి, కొందరు ఊరికే గెంతుతున్నారు. లియావ్ డాక్టరు ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, కాలిన సంచి ఊపుతున్నాడు. నుకాగా తాత తలమీద టోపీ లేదు. ఇంజన్‌కి వంగి దండం పెట్టి, దాటిపోతున్న ప్రతి వ్యాగన్‌కీ పెట్టాడు, చివరికి నాకూ డైరెక్టర్‌కీ కూడా పెట్టాడు. సుయ్ డైరెక్టర్ వ్యాగన్ అంచు పట్టుకునే వంగి తిరిగి పెట్టాడు.

దమ్ములు గబగబ అయ్యాయి. ఇంకా గబగబ. పైన దారి చదునైంది, బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు తేలికైంది. ఎద్దుమూపురం మా వెనకపడింది. ముందునుంచి తియెలిన్ కూత తాడు పట్టుకుని వేలాడుతున్నట్టుంది, ఆ కూత ఆగడమే లేదు.

బండి నీళ్ళ గొట్టం దగ్గర ఆగింది. సుయ్ డైరెక్టర్ మసి మొహం కోటు చేతికి తుడుచుకున్నాడు. మసి ఇంకా పరుచుకుంది.

"మాటంటే మాటే," అన్నాడు రొప్పుతూ. "మంచు కరిగాక బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిపిస్తాను. నిప్పు ఉంటుంది. ఇక నువ్వు నా గది ముందు అరవక్కర్లేదు."

"అరవను," అన్నాను. "షెడ్డు వెనక మంచులో ఇరవై రెండో నంబరు ఇంజన్ పడుంది కదా. చక్రాలు బాగానే ఉన్నాయి. దాని సంగతేంటి?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "లువాన్, ముందు నన్ను కిందికి దిగనీ."

దిగడానికి ఉన్నది ఒక్కటే మెట్లదారి. దానికి అడ్డంగా నేను నిలబడి ఉన్నాను.

"దాని సంగతేంటి?" అన్నాను.